సెల్మా తొవ్వల చెప్పని పేరు

(అంబేద్కర్ జయంతి సందర్భంగా దేవరకొండ దగ్గరి ఒక ఊళ్లో, వాడ నడుమ జరిగిన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను అమెరికా ముచ్చట చెప్పుమని పిలిచిన్రు. పొద్దుగాల బస్సు దిగినప్పటి నుంచి అడుగుతనే ఉన్నరు. జీతం ఎంత, అన్నం దొరుకుతదా, చలి ఎట్లుంటది, వీసాకు ఎంత ఖర్చయితది. అవన్నీ సభ అయినంక చెప్త. మైకు ముందల మాత్రం ఒకటే సంగతి. 2019 మార్చిలో, నేను అక్కడ చదువుకుంటున్నప్పుడు, నలుగురం దోస్తులం కిరాయి కారు తీసుకొని రెండు రోజులు తిరిగినం. ఆ రెండు రోజుల ముచ్చట చెప్త. అందుల నా తప్పు కూడా ఒకటుంది. దాన్ని కూడా చెప్త.

తిరుగుడు, విహారయాత్ర అనేవి మన వాడల మాటలు కావు. మా తాత కాలంల గడి ముందల నుంచి పోవాలంటే చెప్పులు విడిచి చేతబట్టుకోవాలె. సైకిలు ఉన్నోడు దిగి నడిపించుకపోవాలె. నా మొదటి దూర ప్రయాణం 2001లో, ఆరేండ్ల వయసుల, గుంపు మేస్త్రీ లారీల జరిగింది. మా అమ్మ పుట్టిల్లు అచ్చంపేట దిక్కు. ఆ ఏడు వానల్లేవు. మా నాయన, మా మేనమామలు మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకున్నరు. పార, గడ్డపార, తట్ట, బియ్యం మూట, పిల్లలు, అందరం ఒకే లారీల. దేశంల ఎక్కడ డ్యాం కట్టినా, కాలువ తవ్వినా 'పాలమూరు లేబర్' అని మనకో పేరుండె. ఎటు పోతున్నమో మా అమ్మకు తెల్వదు. మేస్త్రీకి ఒక్కనికే తెలుసు. అది మా రోడ్డు ప్రయాణం.

బాబాసాహెబ్ 'వెయిటింగ్ ఫర్ ఎ వీసా' అని ఒక చిన్న పుస్తకం రాసిపెట్టి పోయిండు. హాస్టల్ల ఉన్నప్పుడు ఆ పేరు చూసి, అమెరికా పోయే ఉపాయం రాసిండేమో అనుకొని తెరిచిన. నవ్వకున్రి, నిజంగనే అట్ల అనుకున్న. తెరిస్తే అన్నీ ప్రయాణాలే. 1901లో తండ్రి దగ్గరికి గోరేగావ్ పోతుంటే బండివాడు మహార్ పిల్లలని తెలిసి బండెక్కలేదు. రెట్టింపు కిరాయి తీసుకొని, పిల్లలనే బండి తోలుకొమ్మని తాను పక్కన నడిచిండు. రాత్రంతా తాగ నీళ్లు దొరకలే. 1929లో చాలీస్‌గావ్‌ల టాంగావాళ్లు ఎవ్వరూ ఆయనను ఎక్కించుకోమన్నరు. తోలుడు రాని మనవాడే తోలితే బండి నుంచి పడి కాలిరిగింది. అప్పటికి ఆయన బారిష్టరు. లండన్ డాక్టరేటు ఉన్నది.

అన్నిటికంటె నాకు మనసుల గుచ్చుకున్నది బరోడా ముచ్చట. అమెరికాల, లండన్‌ల చదివి 1917లో తిరిగొచ్చిండు. ఆ దేశాలల్ల ఉన్నన్ని రోజులు తాను అంటరానివాణ్నన్న సంగతే మరిచిపోయిన అని ఆయనే రాసుకున్నడు. బరోడా స్టేషన్ల దిగంగనే మళ్ల యాదికొచ్చింది. ఉండటానికి ఇల్లు ఎవరిస్తరు? పార్శీ సత్రంల పార్శీ పేరు రాయించి దిగిండు. పదకొండో రోజు డజను మంది కట్టెలు పట్టుకొని మీదికొచ్చిన్రు. సామాను తీసుకొని తోటల కూసుండి ఏడ్చిండు. అంతటి మనిషి కూడా ఒకనాడు పేరు దాచుకొని పండుకోవలసి వచ్చింది. ఈ మాట గుర్తు పెట్టుకోన్రి, మళ్ల దీనికాడికే వస్త.

నేను చదివింది అలబామా రాష్ట్రంల. అక్కడికి పోవడానికి మన రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి సాయపడ్డది. నేను పోయిన ఏడు ఇరవై లక్షలు. చాలలేదు, మిగతాది అప్పు. ఆ నిధి రావాలంటే కుల సర్టిఫికెట్ కావాలె. నా దరఖాస్తుల మొట్టమొదటి కాయితం అదే. ఆ కాయితంతోనే విమానం ఎక్కిన. దిగినంక దాన్ని సూట్‌కేసు అడుగున, చలి బట్టల కింద పెట్టిన. రెండేండ్లు బయటికి తియ్యలేదు.

ఎందుకో చెప్త. అక్కడ మన తెలుగు పిల్లలు వేలల్ల ఉంటరు. రూములు కలిసి తీసుకుంటరు, కలిసి వండుకుంటరు. మొదటి వారంలనే 'మీ ఇంటిపేరేంది' అంటరు. రెండో వారం 'మీరేమిట్లు' అంటరు. అమెరికావాడు ఎవ్వడూ ఆ ప్రశ్న అడగడు. మనోళ్లే అడుగుతరు. నా ఇంటిపేరు రెండు మూడు కులాలల్ల ఉంటది, అది నాకు కలిసొచ్చింది. 'మాది వ్యవసాయం' అని దాటేసిన. అబద్ధం గాదు. మా నాయన బతుకంతా వ్యవసాయమే చేసిండు, వేరేటోళ్ల పొలంల.

ఇగ కారు. నలుగురం. ఒకతను మన నల్లగొండ జిల్లా రెడ్ల పిల్లగాడు, నాకంటె రెండేండ్లు చిన్న, 'అన్నా' అని పిలిచేటోడు. ఒకతను హైదరాబాద్ బ్రాహ్మణుల అబ్బాయి. ఒకామె గుంటూరు దిక్కు కమ్మవారి అమ్మాయి. నాలుగోవాణ్ని నేను. వాళ్ల కులాలు నాకెట్ల తెలుసంటే, వాళ్లు మాటల్ల చెప్పుకుంటరు, అడగాల్సిన పని లేదు. చెడ్డవాళ్లు కాదు, ఆ మాట ముందే చెప్తున్న. జ్వరమొస్తే నాకు చారు పెట్టిన్రు. పులిహోర కట్టుకొని, కిరాయి, పెట్రోలు నాలుగు పాళ్లు చేసుకొని బయలెల్లినం.

మొదట టస్కీగీ. 1881లో నల్లవాళ్ల కోసం బుకర్ టి. వాషింగ్టన్ బడి మొదలుపెట్టిన ఊరు. అక్కడ జార్జి వాషింగ్టన్ కార్వర్ అని ఒకాయన పనిచేసిండు. బానిస తల్లికి పుట్టినవాడు, చదివి వ్యవసాయ శాస్త్రవేత్త అయిండు. పత్తి మీద పత్తి వేసి భూములు సారం లేకుండ పోయినయి, పల్లీలు వెయ్యిన్రి, బొబ్బర్లు వెయ్యిన్రి, నేల బతుకుతది అని పేద నల్ల రైతులకు చెప్పిండు. 1906 నుంచి గుర్రపు బండి కట్టించి, దానిల పనిముట్లు విత్తనాలు పెట్టి, ఊరూరికీ బడినే పంపించిండ్రు. గద్వాల, వనపర్తి దిక్కు పల్లికాయ పండించేటోళ్లు ఈయన పేరు తెలుసుకోవాలె. అదే ఊరి పేరు మీద ఒక పాపం కూడా ఉన్నది. 1932 నుంచి 1972 దాక సర్కారు డాక్టర్లు ఆరువందల మంది పేద నల్ల మగవాళ్ల మీద సుఖరోగం పరిశీలన చేసిన్రు. పెన్సిలిన్ మందు వచ్చినంక కూడా రోగమున్నోళ్లకు ఇయ్యలే. రోగం ఎట్ల ముదురుతదో చూసుకుంట కూసున్నరు. వైద్యం చేస్తున్నమనే చెప్పిన్రు. చదువురానోని దేహం చదువుకున్నోనికి ఎంత అగ్గువ!

సాయంత్రానికి మాంట్‌గోమరీ చేరినం. బస్సు బహిష్కరణ జరిగిన ఊరు. దీన్ని కొంచెం నిదానంగ చెప్త, మన సంఘాలకు పనికొస్తది.

అక్కడ బస్సుల ముందు పది సీట్లు తెల్లోళ్లవి. నల్లవాళ్లు ముందు తలుపు కాడ పైసలు కట్టి, దిగి, వెనక తలుపు నుంచి ఎక్కాలె. ఎక్కేలోపల బస్సు కదిలి పోయేది కూడా. మన హోటళ్ల రెండు గ్లాసుల పద్ధతి చూసినోళ్లకు ఇది కొత్తగ చెప్పాల్నా? పైసలు మాత్రం ఒక తీరే, గ్లాసే వేరు. 1955 మార్చిల క్లాడెట్ కాల్విన్ అనే పదిహేనేండ్ల బడిపిల్ల లేవనన్నది, పోలీసులు పట్టుకపోయిన్రు. డిసెంబరు 1న రోజా పార్క్స్ లేవనన్నది. ఆమె బట్టలు కుట్టే పని చేసేది. పది డాలర్ల జరిమానా, నాలుగు డాలర్ల కోర్టు ఖర్చు వేసిన్రు. ఆ రాత్రే జో యాన్ రాబిన్‌సన్ అనే కాలేజీ టీచరు, ఇంకొందరు కలిసి కాలేజీ మిషను మీద వేల కరపత్రాలు తీసిన్రు. పొద్దుగూకేవరకు వాడవాడకు అందినయి. డిసెంబరు 5న మొదలైన బహిష్కరణ 381 రోజులు నడిచింది. మార్టిన్ లూథర్ కింగ్‌కు అప్పుడు ఇరవై ఆరేండ్లు. ఆయన పేరు లోకమంతా తెలిసింది. నడిచింది మాత్రం తెల్లోళ్ల ఇండ్లల్ల అంట్లు తోమే, వంట చేసే ఆడవాళ్లు.

నడవలేని వాళ్లకు కార్లు పెట్టిన్రు. ఎవరి కారు ఎన్ని గంటలకు ఏ మూల మీదికి వస్తదో లెక్క రాసుకున్నరు. పెట్రోలుకు పైసలెట్ల? జార్జియా గిల్మోర్ అనే వంటమనిషి ఉన్నది. కింగ్ కేసుల సాక్ష్యం చెప్పినందుకు ఆమె పని ఊడింది. ఇంట్లనే వండుడు మొదలుపెట్టింది. ఇంకొందరు ఆడవాళ్లను కలుపుకొని కోడికూర, రొట్టెలు, తీపి వంటలు అమ్మి వారం వారం సభల పైసలు పోసింది. వాళ్ల సంఘానికి 'ఎక్కడినుంచీ కాదు' అని పేరు పెట్టుకున్నరు. పైసలు ఎక్కడియి అని యజమానులు అడిగితే, ఎక్కడియీ కావు! తమాషా ఏందంటే, అవే వంటకాలు తెల్లోళ్లు కూడా కొనుక్కొని తిన్నరు. ఇంకో తమాషా, పనిమనుషులు లేక ఇల్లు గడవని తెల్ల దొరసానులు తామే కార్లేసుకొని పోయి వాళ్లను తెచ్చుకున్నరు. మొగుళ్లేమో బహిష్కరణను అణచాలని మీటింగులు పెడుతున్నరు.

మన ఊళ్లల్ల సాంఘిక బహిష్కరణ అంటే వాళ్లు మనకు చేసేది. కిరాణం ఇయ్యరు, కూలికి పిలువరు, బోరింగు కాడికి రానియ్యరు. అక్కడ కిందోళ్లు పైవాళ్లను బహిష్కరించిన్రు. బస్సు ఎక్కేటోళ్లల్ల ముప్పాతిక మంది నల్లవాళ్లే గనుక కంపెనీ నడుమిరిగింది. మనం బంద్ చేస్తే ఎవని నడుము ఇరుగుతదో సంఘాలోళ్లు కూసోని లెక్కెయ్యాలె. ఒక్క బహిష్కరణతోనే గెలిచిన్రా అంటే కాదు. కాల్విన్‌తో కలిపి నలుగురు ఆడవాళ్లు కోర్టుకు పోయిన్రు. 1956 నవంబరు 13న సుప్రీంకోర్టు వాళ్ల దిక్కు తీర్పు చెప్పింది. తొవ్వ మీద నడక, కోర్టుల కేసు, రెండూ ఒకేసారి నడిపిన్రు.

ఆ రాత్రి చవక లాడ్జిల ఒకే రూము తీసుకున్నం. ఒక మంచం మీద బ్రాహ్మణ దోస్తు, నేను. మా తాతకు చెప్తే నమ్మకపోవు. ఒకప్పుడు నల్లవాళ్లు కారుల దూరం పోవాలంటే ఏ ఊళ్ల పండుకోనిస్తరో, ఏ బంకుల పెట్రోలు పోస్తరో చెప్పే పుస్తకం ఒకటి పట్టుకపోయేటోళ్లట. విక్టర్ గ్రీన్ అనే పోస్టుమాన్ 1936ల మొదలుపెడితే ముప్ఫై ఏండ్లు నడిచింది. ఈ ముచ్చట నేను వాళ్లకు చెప్పిన. 'ఎంత ఘోరం' అన్నరు. నాకు నిద్ర పట్టలేదు. రూము కిరాయికి అడిగినప్పుడల్లా మా పిల్లలకు హైదరాబాదుల జరిగేది అదే గదా! పుస్తకం ఒక్కటే లేదు.

తెల్లారి స్మారకానికి పోయినం. 2018 ఏప్రిల్‌ల తెరిచిన్రు. మూక చేరి కొట్టి, ఉరేసి, కాల్చి చంపిన నల్లవాళ్ల యాదిల కట్టింది. 1877 నుంచి 1950 దాక జరిగినవి, లెక్కకు దొరికినవి 4,400కు పైగా. ఒక్కో జిల్లాకు ఒక్కో ఇనుప దిమ్మె, ఎనిమిది వందలకు పైగా. దిమ్మె మీద చంపబడ్డోళ్ల పేర్లు, తారీఖులు. లోపలికి పోతున్నప్పుడు మన ఎత్తుల ఉంటయి. నేల కిందికి దిగుతుంటది, దిమ్మెలు మీదికి లేస్తుంటయి. ఆఖరుకు తల మీద వేలాడుతుంటయి. తల ఎత్తి చూడాలె. కొన్నిటి మీద పేరు తెల్వదని రాసి ఉన్నది. ఊళ్లనే ఉన్న మ్యూజియంల, చంపిన చోటు నుంచి తవ్వి తెచ్చిన మట్టి సీసాలల్ల పోసి పెట్టిన్రు. ఎర్ర మట్టి, నల్ల మట్టి, ఇసుక మట్టి. సీసా మీద పేరు. చెలక మట్టి చూసి పెరిగినోణ్ని, ఆ మట్టి ముందల నిలబడలేకపోయిన.

కారంచేడు 1985 జులై 17, ఆరుగురు. చుండూరు 1991 ఆగస్టు 6, ఎనిమిది మంది. చుండూరుల ఊరి నడుమనే పూడ్చి రక్తక్షేత్రం చేసుకున్నరు, అది మనవాళ్ల తెగువ. లక్షింపేట 2012 జూన్ 12, అయిదుగురు. మన జిల్లాల మిర్యాలగూడల 2018 సెప్టెంబరు 14న ప్రణయ్. మేం ఆ దిమ్మెల కింద నడిచిన నాటికి ప్రణయ్ చనిపోయి ఆరు నెలలే.

స్మారకం నుంచి సెల్మా తొవ్వ పట్టినం. బండి నేను నడుపుతున్న. కొంచెం సేపు ఎవ్వరూ మాట్లాడలే. అందరి మనసు కలిగింది, అది నిజం. మెల్లగ నేనే అన్న, 'మిర్యాలగూడ సంగతి యాదికొచ్చింది' అని. నా పక్కన కూసున్న నల్లగొండ తమ్ముడు అన్నడు: 'చంపుడు తప్పే అన్నా. కాని ఆ తండ్రి బాధ కూడా అర్థం చేసుకోవాలె గద. ఒక్కతే బిడ్డ.' వెనక నుంచి హైదరాబాద్ దోస్తు, 'అందుకే ఇండియా టాపిక్ వద్దు, ఇక్కడ క్యాస్ట్ లేదు, హాయిగ ఉన్నం' అన్నడు. గుంటూరు అమ్మాయి కిటికీల నుంచి బయటికి చూస్తున్నది.

ఆసుపత్రి ముందల, కడుపుతోని ఉన్న భార్య చూస్తుంటే, కిరాయి ఇచ్చి నరికించిన్రు. నాలుగు వేల మంది పేర్లు తలెత్తి చూసొచ్చిన అరగంటకే ఆ మాట. నా చేతులు స్టీరింగు మీద ఉన్నయి. చెప్పాలె, ఇప్పుడే చెప్పాలె అనుకున్న. నోరు లేవలే. 'ఆ' అన్న. ఏడేండ్లు పాఠశాలల, హాస్టల్ల జై భీం అన్న నోరు అది. ఆ 'ఆ' అన్నది ఇప్పటికీ నా చెవుల్ల ఉన్నది.

అప్పుడు మేం పోతున్నది లౌండెస్ జిల్లా గుండా. తొవ్వ పక్కన ఒక సమాచార కేంద్రం కనబడితే ఆపిన. కొంత ఊపిరి తీసుకుందామని ఆపిన, నిజం చెప్తున్న. ఆ జిల్లాల 1965 మొదట్ల నూటికి ఎనభై మంది నల్లవాళ్లు, ఓటర్ల జాబితాల ఒక్క నల్ల పేరు లేదు. భూములన్నీ కొద్ది తెల్ల కుటుంబాలవి. పాలుకు చేసుకునే వాళ్లు ధైర్యం చేసి ఓటుకు పేరు రాయించుకుంటే, భూస్వాములు గుడిసెల నుంచి సామాను బయట పారేసిన్రు. వాళ్లు ఊరిడిసి పోలేదు. ఆ రోడ్డు పక్కనే గుడారాలు వేసుకొని ఉన్నరు. చలిల, రాత్రి పూట కాల్పుల నడుమ. మేం నిలబడ్డ జాగ అదే. కారంచేడు నుంచి వచ్చి చీరాలల శిబిరం వేసుకున్న మనవాళ్లు, చుండూరు విడిచి తెనాలిల ఉన్న మనవాళ్లు, అందరూ ఆ గుడారాలల్ల నాకు కనబడ్డరు. పేరు రాయించుకున్నందుకు ఇల్లు పోయింది వాళ్లకు. నాకేం పోతుండె? ఒక దోస్తానా.

ఇంకో సంగతి. అక్కడి డెమోక్రటిక్ పార్టీ గుర్తు తెల్ల కోడిపుంజు, తెల్లోళ్ల పెత్తనం అని దాని మీదనే రాసుకున్నరు. లౌండెస్ పేదలు 1966ల సొంత పార్టీ పెట్టుకున్నరు. చదువురానోళ్లకు గుర్తు కావాలె గదా, నల్ల చిరుతను పెట్టుకున్నరు. అదే చిరుతను ఆ ఏడు అక్టోబరుల కాలిఫోర్నియా ఓక్లాండ్ పిల్లలు తీసుకొని బ్లాక్ పాంథర్స్ అయిన్రు. 1972ల బొంబాయిల దళిత్ పాంథర్స్ వచ్చిన్రు. గోడల మీద మనం చూసిన ఆ చిరుత పుట్టిల్లు ఈ పత్తిచేల జిల్లా. ఆ ఎన్నికల్ల వాళ్లు ఓడిపోయిన్రు. గుర్తు మాత్రం సముద్రం దాటి వచ్చింది.

అదే తొవ్వల ఒక రాయి ఉన్నది. వయోలా లియుజో అని డెట్రాయిట్ నుంచి వచ్చిన తెల్ల ఇల్లాలు, అయిదుగురు పిల్లల తల్లి. 1965 మార్చి 25 రాత్రి, ఊరేగింపుల వచ్చినోళ్లను సొంత కారుల దింపుకుంట తిరుగుతుంటే క్లాన్‌వాళ్లు వెంటపడి కాల్చి చంపిన్రు. గుంటూరు అమ్మాయి ఆ రాయి కాడ చానసేపు నిలబడ్డది. అప్పుడు ఆమె మనసుల ఏమున్నదో నాకు తెల్వదు.

సెల్మా వంతెన గురించి మీల కొందరు వినే ఉంటరు. 1965 మార్చి 7న ఆరువందల మంది ఓటు హక్కు కోసం నడిస్తే వంతెన దిగే కాడ పోలీసులు లాఠీలతోని, టియర్ గ్యాస్‌తోని మీద పడ్డరు. జాన్ లూయిస్ అనే ఇరవై అయిదేండ్ల పిల్లగాని పుర్రె పగిలింది. రెండు వారాలకు మళ్ల నడిచిన్రు, ఎనభై ఏడు కిలోమీటర్లు, మాంట్‌గోమరీ చేరేవరకు ఇరవై అయిదు వేల మంది అయిన్రు. ఆ ఆగస్టు 6న ఓటు హక్కు చట్టం వచ్చింది. చుండూరు తారీఖు కూడా ఆగస్టు 6, అట్ల కలిసింది. 2013ల అదే అలబామా రాష్ట్రపు జిల్లా ఒకటి వేసిన కేసుల సుప్రీంకోర్టు ఆ చట్టం కోరలు పీకింది. వంతెనకేమో ఇప్పటికీ ఎడ్మండ్ పెట్టస్ పేరే, క్లాన్ నాయకుని పేరు. ఊళ్లె సగం దుకాణాలకు తాళాలు కనబడ్డయి. చట్టం వచ్చిన ఊరికి అన్నం మాత్రం రాలేదు.

వంతెన మీద నలుగురం ఫొటోలు దిగినం. నా ఫొటోల నేను నవ్వుతున్న. ఆ ఫొటో చూస్తే నాకు సిగ్గయితది. అక్కడ నడుస్తుంటే కింగ్ చెప్పిన ఒక సంగతి మనసుల తిరిగింది. 1959ల ఆయన మన దేశం వచ్చినప్పుడు తిరువనంతపురంల దళిత పిల్లల బడికి తీసుకపోతే, హెడ్‌మాస్టరు ఆయనను అమెరికా నుంచి వచ్చిన అంటరానివాడని పరిచయం చేసిండట. మొదట ఆయనకు కష్టమైంది. నేనేంది, అంటరానివాణ్నేంది అనుకున్నడు. కొంచెం ఆలోచించి, అవును, నేను అదే అని ఒప్పుకున్నడు. ఆరేండ్లకు ఆ మాట తన సంఘం ముందల తానే చెప్పుకున్నడు. నోబెల్ బహుమతి వచ్చిన మనిషి చెప్పుకున్నడు. నేను చెప్పలేకపోయిన.

తిరుగు తొవ్వల పెట్రోలు బంకుల ఆగినం. అందరికీ ఆకలి. నల్లగొండ తమ్ముడు అడిగిండు: 'అన్నా, మీ ఊరు దేవరకొండ దిక్కే గద. మా మేనమామలది మీ పక్క ఊరే. మీరు ఎవరి ఇంటోళ్లు?' ఇగ దాటెయ్యడానికి తొవ్వ లేదు. ఉన్నా దాటెయ్యకపోవు, అట్లనే అనుకుంట.

'మాదిగోళ్లం తమ్మీ. ఊరి కింది దిక్కు వాడ మాది' అన్న.

అని పోయి బీఫ్ బర్గర్ తెచ్చుకున్న. అప్పటిదాక వాళ్ల ముందల కోడి బర్గరే తిన్న. ఆకలి మీద ఉన్న, బాగుండె.

ఎవ్వరూ తిట్టలే. అది మీరు తెలుసుకోవాలె. తమ్ముడు 'అయితే ఏందన్నా' అని నవ్విండు. హైదరాబాద్ దోస్తు 'మేం ఎప్పుడన్న అడిగినమా, ఇప్పుడు ఎందుకు చెప్తున్నవ్' అన్నడు. నేను చెప్పినందుకే కులం పుట్టినట్టు! కారుల పాట పెట్టిన్రు. టస్కీగీ దాటేదాక గుంటూరు అమ్మాయి మాట్లాడలే. అప్పుడు అడిగింది, 'ఇన్ని రోజులు ఎందుకు చెప్పలేదు?' 'పొద్దుగాల కారుల ఏం మాట్లాడుకున్నమో యాది చేసుకో' అన్న. అంతే.

లెక్కలు సెంటుతో సహా సమానంగ పంచుకున్నం. ఆ తర్వాత జరిగింది చెప్త. తమ్ముడు నన్ను 'అన్నా' అనుడు బందయింది. పేరు పెట్టి పిలుసుడు మొదలైంది. మర్యాదగనే మాట్లాడుతడు, నవ్వుతడు. 'అన్నా' ఒక్కటే ఎటో పోయింది. వాడు కావాలని చేసిండని నేననుకోను. వాని నాలుకకు తెలిసిపోయింది. మన ఊళ్లల్ల అరవై ఏండ్ల మన తాతను పదేండ్ల దొర కొడుకు 'అరేయ్' అంటడు, ఆ నాలుక విమానం ఎక్కి కూడా వచ్చింది. హైదరాబాద్ దోస్తు వేరే రూముకు మారిండు, కాలేజీ దగ్గరని చెప్పిండు, అయి ఉండొచ్చు. గుంటూరు అమ్మాయి నెల రోజులకు, మేం కొందరం కలిసి అంబేద్కర్ జయంతి చేసుకుంటే, చెప్పకుండ వచ్చి కుర్చీలు వేసింది. ప్రణయ్ కేసుల నల్లగొండ కోర్టు 2025 మార్చి 10న ఒకనికి ఉరిశిక్ష, ఆరుగురికి జీవిత ఖైదు వేసిన నాడు ఆమె నుంచి మెసేజు వచ్చింది. తీర్పు వార్త, కింద ఇంకేం రాయలే.

అక్కడ కులం లేదన్నోళ్లకు ఒక ముక్క. 2023 ఫిబ్రవరిల సియాటిల్ నగరం కుల వివక్షను నిషేధించింది. అమెరికాల అట్ల చేసిన మొదటి నగరం అదే. లేని దాన్ని ఎవరైన నిషేధిస్తరా? అదే ఏడు కాలిఫోర్నియాల అసెంబ్లీ, సెనేట్ పాస్ చేసిన బిల్లును అక్టోబరుల గవర్నరు వెనక్కి పంపిండు. అది ఆపమని అడిగినోళ్లల్ల మన దేశం నుంచి పోయినోళ్లే ఉన్నరు. మన దేశంల చూస్తే, ఎస్సీ పిల్లలను విదేశాలకు పంపే కేంద్ర స్కాలర్‌షిప్‌ల 2022ల ఒక నిబంధన పెట్టిన్రు. భారతదేశ సంస్కృతి, చరిత్ర, సమాజం మీద పరిశోధన చేస్తనంటే ఇయ్యరు. ఇంజనీరింగు చదువున్రి, కారంచేడు మీద మాత్రం అక్కడ కూసోని రాయకున్రి అన్నట్టు.

పిల్లలు పోవద్దని నేను అనను. పోవాలె. లారీల పోయినోళ్ల పిల్లలం, విమానంల పోవాలె. ఈ రాత్రి నేను ఇక్కడనే, మా పెద్దమ్మ ఇంట్ల ఉంటున్న. డిగ్రీ, ఇంజనీరింగు అయినోళ్లు, ఆఖరి ఏడు చదివేటోళ్లు తిన్నంక రాన్రి. మార్కుల మెమోలు, ఆదాయ సర్టిఫికెట్, బ్యాంకు పుస్తకం తెచ్చుకోన్రి. దరఖాస్తు ఎట్ల నింపాల్నో కూసోని చూద్దం. కుల సర్టిఫికెట్ మర్చిపోకున్రి. నాది కూడా తెచ్చిన, ఈ జేబులనే ఉన్నది, నమూనాకు చూపిస్త.

జై భీం.